ఊరికి దూరముగా చిన్నయిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన మాట మీరెరుగనిది కాదు. నేను నా యిద్దరు బిడ్డలకును పెండ్లి చేసితిని. ఆ పనిలోని చిక్కులను ఎరుగుదును. కాని అరువదియైదేండ్ల వయసున ఇల్లు కట్టుటకు పూనుకొనిన పిదప గాని ఆ సామెతలోని మొదటి సగము బరువు నాకు తెలియలేదు. నేను కట్టినది మేడ కాదు. ఊరికి మైలు దూరమున, నా మెట్టచేనిలో, ఊరి విద్యుత్తు తీగెతో గాని, ఊరి కుళాయి గొట్టముతో గాని సంబంధము లేని చిన్నయిల్లు. దానిని కట్టుటలో నేను చేసిన తప్పులను, నేర్చిన సంగతులను నేటి ప్రసంగమున మీకు విన్నవించుకొందును. గ్రామములలో ఇట్టి పనికి పూనుకొనువారు సలహా కొరకు మొదట మీవంటి పెద్దలయొద్దకే వత్తురు. కావుననే ఈ మాటలను మీ చెవిని వేయ దలచితిని.

నేను అనంతపురము జిల్లాలో ఒక పాఠశాలయందు ముప్పది యేండ్లు ఉపాధ్యాయుడనుగా ఉండి విశ్రాంతి పొందినవాడను. అన్నదమ్ముల పంపకమున ఊరిలోని పెంకుటిల్లు మా తమ్మునికి పోయినది. నాకు మూడెకరముల చేను వచ్చినది. పిల్లలు పట్టణములలో ఉన్నారు. మమ్ములను అచటికి రమ్మనిరి గాని నా భార్యకు ఆ అగ్గిపెట్టెలవంటి గదులలో ఊపిరాడదు. చేనిలోనే రెండు గదులు వేసికొని, రెండావులను కాచుకొనుచు కడమ దినములు గడుపుదమని ఇద్దరమును నిశ్చయించుకొంటిమి. ఇది 2021వ సంవత్సరపు మాట.

మొదట విద్యుత్తు సంగతి విచారించితిని. చివరి కంబము మా చేనికి అరమైలు దూరమున కలదు. కంబములకును తీగెకును వేసిన అంచనా నా పునాది వ్యయమును మించినది. ప్రక్క రైతు నన్ను చూచి జాలిపడి, "మాష్టారూ, నా బోరుమోటారు పెట్టెనుండి ఒక తీగె లాగుకొనుడు, ఎవరు చూతురు?" అనెను. ఆతని మనసు మంచిదే. కాని 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము ఒక పనికై ఇచ్చిన విద్యుత్తును వేరొక పనికి వాడుట అనధికార వినియోగమగును; దానికి అపరాధపు సొమ్ము చెల్లింపవలసివచ్చును. అంతకంటెను, చేని గట్లమీదుగా ప్రాకు తీగెవలన ప్రాణాపాయము కలదు. వలదని చెప్పి, సూర్యశక్తిమీదనే ఆధారపడ నిశ్చయించితిని.

ఇంతవరకు నా బుద్ధి సరిగనే పనిచేసినది. పిదప తప్పినది. "నా చేను, నా సొమ్ము, నా యిల్లు, దీనికి ఒకరి అనుమతి యేల?" అనుకొని, మంచి దినము చూచి శంకుస్థాపన చేసి, పునాది త్రవ్వించితిని. ఒక ప్రక్క రాతికట్టు నేలమట్టమునకు వచ్చినది. నలువది బస్తాల సిమెంటు తెచ్చి పాకలో పేర్పించితిని. అంతలో పని ఆపవలసినదని పంచాయతినుండి తాఖీదు వచ్చినది. కోపముతో దానిని మడిచి జేబులో పెట్టుకొని మూడు వారములు ఊరకుంటిని. తరువాత కదలి కాగితములు సమకూర్చుకొనుటకు మూడు నెలలు పట్టినది. ఈలోగా భాద్రపదమున పెద్దవాన కురిసి పునాది గోతులు పూడిపోయినవి. పాక కారి సిమెంటు గడ్డకట్టినది. ఆ నష్టమునకు వానను గాని పంచాయతిని గాని నేను తప్పుపట్టను. తప్పు నాదే.

తాఖీదు పంపిన పంచాయతి కార్యదర్శి నా మనుమరాలి యీడు పిల్ల. నేను కొంత నిష్ఠురముగనే, "అమ్మా, నా పొలములో నేను ఇల్లు కట్టుకొనుట నేరమా?" అని అడిగితిని. ఆమె నన్ను కూర్చుండబెట్టి ఇట్లు చెప్పినది: "మాష్టారుగారూ, నేరము కాదు. కాని ఆ నేల మీదే అని, అది చెరువు శిఖము గాని వాగు పోరంబోకు గాని కాదని కాగితముమీద ఎవరైన చూడవలెను గదా! మీకు రాత్రివేళ గుండెనొప్పి వచ్చినచో 108 బండి వచ్చుటకు దారి కలదా? మీ మరుగుదొడ్డి గుంట ప్రక్కవారి బావికి ఎంత దూరము? ఈ ప్రశ్నలు ఇప్పుడు అడిగినచో కాగితపు పని. ఇల్లు లేచిన పిదప అడిగినచో కోర్టు పని." ఈ మాటకు నాయొద్ద బదులు లేకపోయినది. అనుమతి లేని ఇంటికి ఇంటి సంఖ్య చిక్కుట కష్టము. సంఖ్య లేనిచో పన్ను రసీదు లేదు. అది లేనిచో బ్యాంకివారు అప్పు ఈయరు, రేపు బిడ్డలకు వ్రాసియిచ్చునప్పుడును తగవు వచ్చును.

ఇక కాగితముల క్రమము చెప్పెదను. మొదటిది భూమి హక్కు. అడంగలు, ఒకటి-బి నకలు, పాసుపుస్తకము మూడింటియందును పేరును విస్తీర్ణమును ఒకే తీరున ఉన్నవో లేవో చూచుకొనవలెను. అడంగలును తెలంగాణమున పహాణి యందురు. రిజిస్ట్రేషను కార్యాలయమున ఈసీ తీసికొన్నచో ఆ భూమిమీద తాకట్టు గాని, పూర్వపు అమ్మకము గాని ఉన్నదేమో తెలియును. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింది నిషిద్ధ భూముల పట్టికలో మన సర్వే సంఖ్య ఉన్నదేమో కూడ అడిగి తెలిసికొనవలెను. నా విషయమున పంపకపు పత్రములో ఒక ఉపసంఖ్య తప్పు పడినది. తమ్ముడు వచ్చి సంతకము చేసి దానిని దిద్దించెను. అన్నదమ్ములు మాటాడుకొనుచున్న కాలముననే ఇట్టి తప్పులను దిద్దుకొనుట మేలు.

ఇచట ఒక విషాదకరమైన సంగతి చెప్పక తప్పదు. నా బాల్యమిత్రుడొకడు తక్కువ ధరకు వచ్చినదని ఎకరమున్నర నేలను తెల్లకాగితముమీద కొని, అందు చిన్నయిల్లు కట్టుకొనెను. అది ప్రభుత్వము ఒక నిరుపేదకు పంచియిచ్చిన భూమి. జనులు దానిని డి-పట్టా భూమి యందురు. అట్టి భూముల అన్యాక్రాంతమును నిషేధించుచు 1977లోనే చట్టము చేయబడినది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినను, అవి ఎవరికి, ఎన్నియేండ్లకు, ఏ షరతులతో వర్తించునో విచారింపకుండ కొనరాదు. నా మిత్రుడు విచారింపలేదు. నేల పోయినది, ఇల్లును పోయినది. అమ్మిన పేదవాని చేతిలో సొమ్ము అంతకు ముందే వ్యయమై పోయినది. ఇద్దరును నష్టపడిరి. మీ గ్రామమున ఎవరైన చౌకబేరమని సంతోషించుచు వచ్చినప్పుడు, "పట్టా యెట్టిది?" అని మీరడుగు ఒక్క ప్రశ్న ఒక కుటుంబమును కాపాడును.

రెండవది కొలత. గ్రామ సర్వేయరుచేత హద్దులు కొలిపించి రాళ్ళు పాతించవలెను. గట్టు ఉన్నచోటనే హద్దు ఉండునని అనుకొనుట పొరపాటు. నా గట్టు మూడడుగులు అవతలికి జరిగియున్నది. మూడవది సాగుభూమిని ఇంటిపనికి మార్చుకొనుట. దీనికై ఉమ్మడి రాష్ట్రమున 2006లో ఒక చట్టము చేయబడినది. రాష్ట్రము రెండైన పిదప ఆ నియమములు ఇచటను అచటను వేరువేరుగా మారుచు వచ్చినవి. కావున నేను చెల్లించిన రుసుమును మీకు చెప్పుట వలన ప్రయోజనము లేదు. దరఖాస్తు చేయు దినమున అమలులోనున్న నియమమేదో తహశీల్దారు కార్యాలయమున వ్రాతమూలముగ తెలిసికొనవలెను. చేనంతయు మార్చనక్కరలేదు, ఇల్లు, వాకిలి, దారి పట్టునంత మేర చాలును.

నాలుగవది పంచాయతి అనుమతి. ఇంటి పటము, స్థలపు పటము, హక్కు కాగితములు, దారి చూపు చిత్రము జతపరచి దరఖాస్తు పెట్టవలెను. గ్రామము పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో చేరియున్నచో ఆ సంస్థ నియమములు కూడ వర్తించును. దీనిని ముందుగనే అడుగవలెను. ఐదవది నీరు. క్రొత్తగా బోరు వేయదలచినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును గుర్తుంచుకొనవలెను. జనులు దీనిని వాల్టా చట్టమందురు. ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేక బోరు వేయుట దీని ప్రకారము కూడదు.

ఏ కార్యాలయమునకు పోయినను నోటిమాటతో తిరిగి రాకుడు. దరఖాస్తుకు రసీదు పుచ్చుకొనుడు. రసీదుమీది సంఖ్యను, తేదీని ఒక పుస్తకమున వ్రాసికొనుడు. కాగితము కదలకున్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దాని గతియేమని అడుగవచ్చును. 30 దినములలో సమాధానమీయవలెను. మధ్యవర్తికి సొమ్మిచ్చి పని చేయించుకొనువాడు రెండు విధముల నష్టపడును: సొమ్ము పోవును, తన కాగితములో ఏమున్నదో తనకు తెలియకుండ పోవును.

ఇక కట్టడము. నాది పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల ఇల్లు. అనగా 50 చదరపు మీటర్లు. రెండు గదులు, వంటిల్లు, దక్షిణమున వసారా. గోడలకు ఎలుకబోను కట్టుబడి అనుసరించితిని. ఇటుకలను అడ్డముగా పరుండబెట్టక, అంచుమీద నిలువబెట్టి, నడుమ ఖాళీ విడిచి కట్టు పద్ధతి ఇది. కేరళమున నివసించి పేదల ఇండ్లకై కృషిచేసిన లారీ బేకరు గారు దీనిని ప్రచారములోనికి తెచ్చిరి. మామూలు కట్టుబడికంటె ఇటుకలు దాదాపు నాలుగవ వంతు తగ్గును. నడుమనున్న గాలి వలన ఎండ వేడిమి లోనికి త్వరగా రాదు. అయితే ఈ పని తెలిసిన తాపీమేస్త్రి కావలెను. మొదటి నాలుగు వరుసలు దగ్గర నిలిచి చూచుకొనవలెను. పైకప్పునకు కడప బండలు పరపించి, మీద గచ్చు చేయించి, తెల్లసున్నము కొట్టించితిని. ఆ తెలుపువలన వేసవిలో గది వేడిమి తగ్గుట మాకు స్పష్టముగ తెలిసినది.

దీపముల సంగతికి వత్తును. ఒక వర్తకుడు నాకు రెండు కిలోవాట్ల సూర్యపలకలు కావలెనని చెప్పెను. నేను లెక్కల ఉపాధ్యాయుడను గనుక కాగితము తీసితిని. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపములు ఐదు, ఐదు గంటలు వెలిగినచో 225 వాటు-గంటలు. ముప్పది వాట్ల క్రొత్తరకపు పంకాలు రెండు, పండ్రెండు గంటలు తిరిగినచో 720. యాబది వాట్ల టెలివిజను మూడు గంటలకు 150. టెలిఫోనులకు 25. మొత్తము 1,120, అనగా దినమునకు ఒక యూనిటు పైచిలుకు. తీగెలలోను బ్యాటరీలోను నూటికి ముప్పది వంతులు నష్టమగునని లెక్కించినచో పలకలనుండి 1,600 రావలెను. మన ప్రాంతమున సగటున దినమునకు నాలుగున్నర గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు లభించునని తీసికొన్నచో 356 వాట్ల పలకలు చాలును. ముసురు దినములను తలచి 500 వాట్లు పెట్టించితిని. వర్తకుడు చెప్పిన దానిలో ఇది నాలుగవ వంతు.

ఇందొక సూక్ష్మము కలదు. పాతరకపు పంకా ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు త్రాగును. అట్టివి రెండు ఉన్నచో పంకాలకే 1,800 వాటు-గంటలు కావలసివచ్చును. కావున పలకలు పెంచుటకంటె ముందుగా తక్కువ త్రాగు పంకాలు కొనుటయే లాభము. నీళ్ళకాగు, ఇస్త్రీపెట్టె వంటి వేడిపుట్టించు పరికరములను ఇట్టి యింటిలో పెట్టరాదు.

రాత్రికి నిలువచేయుటకు 12 వోల్టుల, 150 యాంపియరు-గంటల సీసపు బ్యాటరీలు రెండు పెట్టితిని. ఒక్కొక్కటి 1,800 వాటు-గంటలు పట్టును. కాని సగముకంటె ఎక్కువ వాడినచో త్వరగా చెడిపోవును. కావున రెండింటినుండి 1,800 మాత్రమే మనవని యెంచవలెను. అది ఒక దినమునకు పైగా సరిపోవును. వీనిని గాలి తగులు చోట, పొయ్యికి దూరముగ ఉంచి, స్వచ్ఛజలము తగ్గకుండ చూచుచుండవలెను. జాగ్రత్తగా వాడినచో నాలుగైదేండ్లు వచ్చును. పలకలు ఇరువదియైదేండ్లు వచ్చును. కావున బ్యాటరీల మార్పిడికై ఏటేట కొంత సొమ్ము వేరుగా దాచవలెను. దాచనివారి ఇండ్లలో పలకలుండియు దీపములు ఆరిపోయినవి; నేను చూచితిని. పలకలను దక్షిణముఖముగ, మా ప్రాంతమునకు సుమారు 15 డిగ్రీల వాలున, చెట్టునీడ పడకుండ పెట్టవలెను. పలకలో ఒక మూల నీడపడినను మొత్తము శక్తి చాల తగ్గును. వారమున కొకసారి దుమ్ము కడుగవలెను. పిడుగునుండి కాపుదల, భూసంధానము తప్పక చేయించవలెను.

ప్రభుత్వ సహాయము గూర్చి కూడ ఒక మాట. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన సూర్యఘర్ పథకమున మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు సహాయము కలదని విని, ఒంటరి ఇండ్లవారు కొందరు అప్పుచేసి పలకలు కొనిరి. ఆ సహాయము విద్యుత్ సంస్థ తీగెతో కలిపిన పలకలకే గాని, మావంటి తీగె లేని ఇండ్లకు కాదు. ఈ భేదము తెలియక సొమ్ము వచ్చునని నమ్మి వ్యయముచేయుట ప్రమాదము.

నీటికి వానయే ఆధారము. ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు నీరగును. అనంతపురము సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నా 50 చదరపు మీటర్ల మిద్దెమీద పడునది 27,500 లీటర్లు. అందు అయిదవ వంతు పోయినను 22,000 దక్కును. త్రాగుటకును వంటకును మా ఇద్దరికి, వచ్చిపోవు బంధువులకు దినమునకు ఇరువది లీటర్లనుకొన్నను ఏడాదికి 7,300 చాలును. అందుచే 8,000 లీటర్ల మూతతొట్టి కట్టించితిని. ప్రతి సంవత్సరము తొలివాన నీటిని బయటికి విడిచి, తరువాతి నీటిని గులకరాయి, ఇసుక, బొగ్గు వరుసల గుండ వడకట్టి తొట్టిలోనికి పంపుదుము. త్రాగుటకు కాచి చల్లార్చుదుము. తక్కిన పనులకు మా తండ్రిగారు త్రవ్వించిన బావినీరు కలదు.

మరుగుదొడ్డికి రెండు గుంటల పద్ధతి మేలైనది. సుమారు మూడడుగుల అడ్డుకొలత గల రెండు గుంటలను, నీరు నేలలోనికి ఇంకునట్లు సందులు విడిచి ఇటుకతో కట్టుదురు. ఒకటి నిండువరకు దానినే వాడి, పిదప రెండవదానికి మార్చవలెను. మొదటిది రెండేండ్లు మూసియుంచినచో అందలి మలము వాసనలేని ఎరువుగ మారును. త్రాగునీటి బావికి కనీసము పది మీటర్ల దూరముండవలెను. రాతిసందుల నేలయైనచో ఇంకను ఎక్కువ. మా గుంటలు ఇరువదియైదు మీటర్ల దూరమున, బావికి పల్లపు ప్రక్కన ఉన్నవి. గోబరు గ్యాసు కూడ తలపెట్టితిని గాని, ఒక ఘనపు మీటరు వాయువునకు దినమునకు సుమారు 25 కిలోల పేడ కావలెను. కుటుంబమునకు రెండు ఘనపు మీటర్లు కావలసియుండగా మాకున్నవి రెండావులే. లెక్క కుదరక సిలిండరుతోనే సరిపెట్టుకొంటిమి.

అనుమతి వచ్చిన పిదప పునాదిని మరల త్రవ్వించితిని. ఐదు నెలలలో ఇల్లు ముగిసినది. గృహప్రవేశమునకు ఆ కార్యదర్శిని పిలిచితిమి. ఆమె ఇంటి సంఖ్య గల రేకును తానే తెచ్చి ఇచ్చినది. నా భార్య దానికి పసుపు కుంకుమలు పెట్టి గుమ్మముమీద కొట్టించినది. మరుసటి వేసవిలో ఒక రాత్రి ఆమెకు ఆయాసము హెచ్చి 108కి కబురుచేసితిమి. అనుమతి పటములో చూపవలసివచ్చుటచే నేను వెడల్పు చేయించిన దారిమీదుగనే ఆ బండి మా వాకిటివరకు వచ్చినది. తెల్లవారుసరికి ఆమె కుదుటపడినది. పూర్వపు గట్టుదారియే ఉండినయెడల ఏమగునో తలచుకొనుటకు నాకు ఇప్పటికిని భయమగును.

మహాజనులారా, ఊరికి దూరముగ ఉండవచ్చును గాని, ఊరి కట్టుబాటునకు దూరముగ ఉండరాదు. మీ గ్రామసభలో ఈ విషయమును ఒకమారు ప్రస్తావింపుడు. చేలలో ఇండ్లు కట్టదలచిన వారి పేర్లు వ్రాయించి, సర్వేయరును, కార్యదర్శిని ఒకే దినమున పిలిపించి, అందరికిని సంగతులు ఒకసారి చెప్పించుడు. పలుగు నేలకు తగులక ముందు ఒక దినము ఆ సభలో కూర్చున్నచో, నావలె నలువది బస్తాల సిమెంటును వానపాలు చేసికొనువాడు మీ యూర ఉండడు.